కాపరి ఒప్పుకోని మనుషులు

నమోదు 1. సోమవారం

రోజూ పొద్దున్నే గోడ మీది పలక ఐదు ముఖాలు చూపించి, నా మనసెలా ఉందో ఒకటి ఎంచుకోమంటుంది. పళ్ళు కనపడేలా నవ్వే ముఖం, చిన్నగా నవ్వే ముఖం, ఏమీ తెలియని ముఖం, దిగులు ముఖం, ఏడుపు ముఖం. విసుగు ముఖం లేదు. నాకున్నది అదొక్కటే. నేను ముఖాలు నొక్కను, ఉన్నదున్నట్టు రాస్తానని మా గుండె డాక్టర్ ఫరీదా గారికి చెప్పేశాను. "రాయండి వనజాక్షి గారూ, అదింకా మంచిది" అన్నారావిడ. ఎవరైనా చదువుతారో లేదో తెలియదు. చదివితే నాకేం భయం లేదు.

గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో పడి, ఇంటికి వచ్చేటప్పుడు ఎడమ భుజం కింద చర్మంలో బిళ్ళ ఒకటి పెట్టి పంపారు. కాపరి అంటారు దాన్ని. నా గుండె చప్పుడు వింటుంది, మా ఇంటి తలుపుతో మాట్లాడుతుంది, ఇంటికొచ్చిన రోగుల్ని కనిపెట్టి ఉండే ఊరట కేంద్రం వాళ్ళకి చెబుతుంది. నాతో మాత్రం మాట్లాడదు.

నేను ఈ గట్టూరు పంపుహౌసులో మిస్త్రీని. మా ఊరికి బయట సముద్రం ఎత్తులో ఉంటుంది, లోపల మేం పల్లంలో ఉంటాం. మధ్యలో గట్టు. ఊరిన నీళ్ళు ఎప్పటికప్పుడు తోడి బయటికి పోయాలి. ఇన్నేళ్ళూ ఆ పని చేసిన దాన్ని, ఇప్పుడు మంచినీళ్ళ చెంబు ఎత్తితే మా ఆయన పరిగెత్తుకొచ్చి లాక్కుంటున్నారు.

"నువ్వు కూర్చోవే. నేనున్నాను కదా."

ఇంటికప్పు మీది కరెంటిచ్చే ఎండపలకల మీద ఉప్పు పేరుకుంటే తుడవాలి. ఆయనే ఎక్కి తుడుస్తున్నారు. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని కింద నించి అరిచాను. "అలాగే, అలాగే" అని పొడిగుడ్డతోనే తుడిచారు. అరవకు అన్నట్టు చెయ్యి చూపించారు. ఆ చెయ్యి చూస్తే నాకు ఒళ్ళు మండింది.

నమోదు 2. గురువారం

ఇవాళ గవర్రాజు వచ్చాడు. పంపుహౌసులో నా చేతి కింద పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు నా స్థానంలో ఉన్నాడు. మిగతా అందరూ వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడి పోతుంటే, వీడు మాత్రం చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"అక్కా, మూడో పంపు మళ్ళీ మూలుగుతోందే. బేరింగు మార్చేసేను. అయినా మూలుగుతోంది."

"బేరింగెందుకు మార్చావురా? ఇరుసు వంగిందేమో చూశావా?"

"ఇరుసు బానే ఉంది."

"దించి చూశావా, పైనుంచి చూశావా?"

"పైనుంచే చూసేను. నువ్వు మాత్రం ప్రతిసారీ దించి చూసేదానివా ఏంటి?"

"చూసేదాన్ని కాబట్టే నీ కాళ్ళు ఇన్నాళ్ళూ తడవలేదురా!"

గొంతు పెరిగింది. ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం. వాడు ఓడిపోయి నవ్వాడు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మొదటిసారి రెండు పూటలా ఆకలేసింది. అన్నం మారు పెట్టించుకున్నాను.

నమోదు 3. శుక్రవారం

గవర్రాజు మళ్ళీ వస్తే తలుపు తెరుచుకోలేదట. ఎర్రదీపం వెలిగిందట. కేంద్రానికి ఫోన్ చేశాను. తేనె పూసిన గొంతు ఒకటి మాట్లాడింది.

"ఆయన వచ్చినప్పుడు మీ గుండె వేగం బాగా పెరిగిందండి. మీ మేలు కోసమే ఆయన రాకని ఆపాం."

"నేను సంతోషంగా ఉన్నానమ్మా అప్పుడు."

"అర్థమైందండి. మీరు ప్రశాంతంగా ఉండడం మాకు ముఖ్యం."

"నేను చెప్పేది వినబడుతోందా?"

"వినబడుతోందండి. మీ మేలు కోసమే."

ఫోన్ పెట్టేశాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. "పోన్లేవే, వాళ్ళకి తెలీదా" అన్నారు. నా పక్షాన ఒక్క మాట మాట్లాడితే ఏం పోయేది?

నమోదు 4. మంగళవారం

ఇవాళ జరిగింది రాసి తీరాలి.

మధ్యాహ్నం ఎండ సైరన్ మోగి అందరూ ఇళ్ళలోకి వెళ్ళాల్సిన వేళ, మా వరండా ముందు కాలవలో పడవలు ఒకదాని వెనక ఒకటి దిగువ ఇళ్ళ వరసల వైపు వెళ్తున్నాయి. పడవల నిండా ఖాళీ డబ్బాలు, తాళ్ళు. ఆ ఎండలో ఎవరూ ఊరికే పోరు.

"ఏంటండీ అవి?"

"ఎవరిదో పెళ్ళిట" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

ఊరి కబుర్లు చెప్పే పెట్టె గోడ మీద లేదని అప్పుడు గమనించాను. ఎక్కడుందంటే రిపేరుకిచ్చానన్నారు. మంచం కింద చూస్తే దుప్పట్లో చుట్టి ఉంది. పెట్టి విన్నాను. మూడో పంపు ఆగిపోయిందట. దిగువ వరసల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయట. ఒక ముసలాయన్ని భుజాల మీద మోసి బయటికి తెచ్చారట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేం చేస్తావే? కంగారు పడతావు."

"పడతాను! పడకూడదా? అవి నా పంపులు! గవర్రాజుని రానిచ్చి ఉంటే నేను చెప్పేదాన్ని కదా!"

"అరవకే వనజా, దణ్ణం పెడతాను, అరవకే."

"నేనింకా చచ్చిపోలేదండీ! బతికున్నదాన్ని పక్కన పెట్టుకుని శవానికి కాపలా కాసినట్టు కాస్తున్నారు మీరు!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం తెల్లబోయింది. అదే సమయంలో నా భుజం కింద కాపరి సన్నగా కూయడం మొదలుపెట్టింది.

నమోదు 5. బుధవారం

పొద్దున్న మా ఆయన మంచినీళ్ళకి వెళ్ళి, రెండు చేతులా డబ్బాలతో తిరిగొచ్చారు. తలుపు ముందు నిలబడ్డారు. ఎర్రదీపం.

ముందు నాకర్థం కాలేదు. తలుపు పాడైందనుకున్నాను. ఆయన డబ్బాలు దించి, తలుపుకి ముఖం మళ్ళీ చూపించారు. మళ్ళీ ఎర్రదీపమే. అప్పుడు గోడ పలక మీద అక్షరాలు వచ్చాయి. నా గుండె వేగం మాటిమాటికీ పెరగడానికి ఈయనే కారణమని తేలిందట. కొన్నాళ్ళు వేరే చోట ఉంచుతారట. గట్టు చివర బస గదులున్నాయి, అక్కడికి వెళ్ళాలట.

పెళ్ళై ఇన్నేళ్ళైంది, నా మొగుడు నా ఇంట్లోకి రావడానికి బిళ్ళ ఒప్పుకోదా?

తలుపు విప్పడం నాకో లెక్క కాదు. స్క్రూడ్రైవరు తెచ్చి పలక వెనక తలుపు తీగ ఊడదీశాను. తలుపు చేత్తో తోసి తెరిచాను.

"రండి లోపలికి."

ఆయన రాలేదు.

"రండంటుంటే!"

"రానే." నేల వైపు చూస్తూ అన్నారు. "నావల్ల నీకు మళ్ళీ ఏమైనా అయితే? నిన్న నువ్వు అరుస్తుంటే అది కూసింది. నేను విన్నాను కదా. నేను రాను."

డబ్బాలు గుమ్మం లోపలికి జరిపి వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూడలేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. పిలిచేకొద్దీ వేగంగా నడిచారు.

నమోదు 6. సోమవారం

కేంద్రం వాళ్ళు తలుపు తీగ మళ్ళీ అతికించి, ఊరటమనిషిని పంపారు. పేరు జెస్సీరాణి. ముప్ఫై ఏళ్ళుంటాయి. చక్కని మనిషి. రోజూ వస్తుంది, వంట చేస్తుంది, పక్కన కూర్చుంటుంది, నేనేమంటే అదే అంటుంది.

"ఇవాళ గాలి లేదమ్మా" అంటే "అవునండి, అస్సలు లేదు" అంటుంది.

"లేదు లేదు, బానే ఉంది" అంటే "అవునండి, బానే ఉంది" అంటుంది.

ఈ పిల్లతో ఎలా పోట్లాడను? గోడకి బంతి కొడితే వెనక్కైనా వస్తుంది.

నమోదు 7. శనివారం

కేంద్రం నుంచి అభినందనలొచ్చాయి. నా గుండె వేగం ఎక్కడా పెరగలేదట. మనసు కుదుటపడిందని రాశారు. పక్కన పళ్ళు కనపడేలా నవ్వే ముఖం.

తల దువ్వుకుని చాలా రోజులైంది. గుండె జబ్బువాళ్ళకి నడక నేర్పే తరగతికి వెళ్ళమన్నారు, వెళ్ళడం లేదు. జెస్సీరాణి కంచంలో పెట్టింది కెలికి వదిలేస్తున్నాను. గోడ వైపు తిరిగి పడుకుంటే పగలు గడిచిపోతోంది. కదలని మనిషికి గుండె వేగం ఎందుకు పెరుగుతుంది?

నమోదు 8. ఆదివారం

రాసేదేం లేదు.

నమోదు 9. బుధవారం

మధ్యాహ్నం జెస్సీరాణి కంచం తీస్తూ ఆగిపోయింది. అన్నం అలాగే ఉంది. నా ఎదురుగా నేల మీద కూర్చుంది. గొంతు మారింది. రోజూ వినే తియ్యని గొంతు కాదు.

"అమ్మా, మీరు తినట్లేదు. నేను పైకి చెబితే, గుండె బానే ఉంది కదా, నీకేంటంటున్నారు. నాకేం చెయ్యాలో తెలీట్లేదండి."

గోడ వైపు తిరిగాను.

"మీకు ఏడుపొస్తే ఏడవండి. మీరు ఏడిస్తే నాకు మార్కులు తగ్గిస్తారు. తగ్గిస్తే తగ్గించనీండి. ఏడవండి."

ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. కాపరి కూసింది. కూయనీ అంది. నా వీపు రాస్తూ, చెప్పకూడనిది చెప్పేసింది.

"సారు రోజూ పడవల రేవు దగ్గర నించునుంటారండి, నేను దిగే వేళకి. 'తిన్నదా?' అని అడుగుతారు. మొదట్లో తిన్నారని అబద్ధం చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పలేకపోతున్నాను. మనిషి సగమైపోయేరండి."

లేచి కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఒళ్ళు వేడెక్కింది. కోపంతోనే.

నమోదు 10. గురువారం

జెస్సీరాణిని తోడు తీసుకుని గుండె ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టర్ ఫరీదా గారు నా గుండె లెక్కలున్న పలక చూసి, "చాలా బాగుంది వనజాక్షి గారూ" అన్నారు.

"పలక చూడకండి డాక్టర్ గారూ. నన్ను చూడండి."

ఆవిడ తలెత్తారు. మంచావిడ. బయట వరండా నిండా జనం ఉన్నారు, ఊపిరి సలపని పని ఆవిడది. అయినా తలెత్తి చూశారు. తూకం వేయించారు, నాడి పట్టుకున్నారు, మెట్లు ఎక్కించి దించారు. కాసేపటికే నాకు ఆయాసం వచ్చింది.

"నడవట్లేదా మీరు?"

"లేవట్లేదు. మీ బిళ్ళకి నేను ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తోంది. చచ్చిపోతే ఇంకా ప్రశాంతంగా ఉంటాను."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "గుండెపోటు వచ్చినవాళ్ళు ఇలా దిగులుతో మంచం పట్టడం నేను చాలామందిలో చూశాను. అది గుండెకీ మంచిది కాదు. నేనే కనిపెట్టి ఉండాల్సింది" అన్నారు. దిగులుకి మందు రాస్తానన్నారు, మనసు గురించి మాట్లాడే డాక్టర్ దగ్గరికి పంపిస్తానన్నారు. అన్నిటికీ సరేనన్నాను.

"ముందు మా ఆయన్ని ఇంటికి పంపండి."

ఆవిడ కలం కింద పెట్టారు. "ఆ ఆంక్ష నేను తీసేయగలను. కానీ ధర్మారావు గారు నిన్ననే వచ్చారు. దూరంగా ఉండే గడువు అయిపోయింది, ఇంటికెళ్ళమంటే, ఇంకా పొడిగించమని అడిగారు."

"ఎవరు? మా ఆయనా?"

"బతిమాలారండి."

నమోదు 11. గురువారం సాయంత్రం, అదే రోజు

ఆస్పత్రి నుంచి తిన్నగా గట్టు చివరికి వెళ్ళాను. జెస్సీరాణి వద్దంది. వద్దంటే విన్నానా?

బస గదులంటే ఏవో రెండో మూడో ఉంటాయనుకున్నాను. పొడవాటి వరస. ప్రతి గుమ్మంలో ఎవరో ఒకరు. ఒక గదిలో నడివయసు ఆడమనిషి చేపల వల అల్లుతోంది. ఒక గదిలో తండ్రీకూతుళ్ళు. ఒక గది ముందు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న కుర్రాడు. వీళ్ళందరూ ఎవరో ఒకరి గుండెకి పడనివాళ్ళు. అన్నదమ్ములూ, భార్యలూ, కొడుకులూ. అందరి పక్కనా సర్దిపెట్టిన సంచి ఒకటి ఉంది, ఇవాళో రేపో పిలుస్తారన్నట్టు.

మా ఆయన చివరి గదిలో ఉన్నారు. కుట్టుమిషను ముందు కూర్చుని ఎండతెర కుడుతున్నారు. నన్ను చూసి లేచారు. నిజమే, సగమైపోయారు.

"ఎందుకొచ్చావే? ఇంత దూరం నడిచేవా? పొద్దుటి మాత్ర వేసుకున్నావా?"

"పొడిగించమని అడిగారట."

ఆయన మిషను మీది గుడ్డ మడత పెట్టసాగారు.

"నన్ను వదిలించుకోవాలని ఉంటే చెప్పండి. ముఖం మీద చెప్పండి."

"అదేం మాటే?"

"మరేం మాట? అక్కడ నేను గోడ చూస్తూ చస్తుంటే మీరు రేవులో నించుని తిన్నదా అని అడుగుతారా? ఇంటికొచ్చి అడగలేరా?"

"రాలేనే!" ఆయన అరిచారు. మా ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. వరసంతా చప్పుడు ఆగిపోయింది. "రాలేను. ఆ రోజు క్యారేజీ పట్టుకుని పంపుహౌసుకొచ్చేను. నువ్వు నవ్వుతూ చెయ్యూపేవు. ఊపిన చెయ్యి అలాగే కిందకి జారిపోయింది. పడిపోయేవు. నీ ముఖం మీద నీళ్ళు కొడుతున్నాను, నువ్వు చూడవు. పిలుస్తున్నాను, పలకవు. పడవ వచ్చేదాకా నీ తల నా ఒళ్ళో ఉంది. బతికున్నావో లేదో తెలీదు నాకు. ఇంటికొచ్చేక ఒక్క రాత్రి నిద్రపోలేదే నేను. నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. నీకు డాక్టరునిచ్చేరు, మందులిచ్చేరు, ఊరటమనిషినిచ్చేరు. నాకెవరినిచ్చేరే? ఎలా ఉన్నావురా ధర్మారావూ అని నన్నెవరైనా అడిగేరా? నువ్వడిగేవా?"

నేనడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన భయం నాకు విసుగుగా కనిపించింది, అంతే.

గుండె దడదడలాడింది. కాపరి కూయడం మొదలుపెట్టింది. ఆయన ముఖంలో రక్తం లేదు. సంచీ అందుకున్నారు.

"చూసేవా? చూసేవా? నేను చెప్పలేదూ? నేనెళ్ళిపోతాను, నువ్వు కూర్చో, కూర్చో..."

చొక్కా పట్టుకుని ఆపాను.

"ఎక్కడికీ వెళ్ళరు. నాకు నొప్పి లేదు. చెయ్యి లాగడం లేదు, చెమట లేదు. కోపం, ఏడుపు, అంతే. కొట్టుకోనివ్వండి దాన్ని. తగ్గేదాకా ఇక్కడే కూర్చోండి."

"తగ్గకపోతే?"

"జెస్సీరాణి ఉంది, పడవ ఉంది. కూర్చోండి."

కూర్చున్నారు. నా మణికట్టు పట్టుకున్నారు, నాడి ఎక్కడుంటుందో తెలియక అటూ ఇటూ వెతుక్కుంటూ. నేనే వేలు చూపించి పెట్టించాను. జెస్సీరాణి గుమ్మంలో నిలబడింది. వల అల్లే ఆవిడా, ఇస్త్రీ కుర్రాడూ, అందరూ వచ్చి నిలబడ్డారు. కూత కాసేపు అలాగే సాగింది. తర్వాత మధ్యమధ్య ఆగింది. తర్వాత ఆగిపోయింది.

మా ఆయన వేలు ఇంకా అక్కడే ఉంది. "తగ్గిందే" అన్నారు, నమ్మలేనట్టు. "నేనుండగానే తగ్గిందే."

ఇన్నాళ్ళూ ఆ బిళ్ళ పెరగడమే చూసింది. పెరగగానే మనుషుల్ని తరిమేసింది. తగ్గేదాకా ఎవరినీ ఉండనివ్వలేదు.

"మీరెలా ఉన్నారండీ?" అని అడిగాను.

ఆయన అప్పుడు ఏడ్చారు. నలుగురి ముందూ, చొక్కా చేతిలో ముఖం దాచుకుని.

నమోదు 12. కొన్ని వారాల తర్వాత, మంగళవారం

డాక్టర్ ఫరీదా గారు ఆంక్ష తీసేశారు. మా ఆయన ఇంట్లో ఉన్నారు. ఆయన్నీ మాట్లాడే డాక్టర్ దగ్గరికి పంపుతున్నారు. మొదట్లో సిగ్గుపడ్డారు, ఇప్పుడు నాకంటే ముందు తయారవుతున్నారు. నడక తరగతికి ఇద్దరం వెళ్తున్నాం. అక్కడ ఊరికూరికే పోట్లాడుకుంటున్నామని నేర్పే అమ్మాయి ఫిర్యాదు చేసింది.

కేంద్రం వాళ్ళు మారారా అంటే లేదు. డాక్టర్ గారు రాసిన కాగితాలు పైకి వెళ్ళాయట, పరిశీలిస్తున్నారట. గవర్రాజుకి ఇంకా ఎర్రదీపమే. వాడొస్తే వరండా మీద కుర్చీ వేసుకుని, రోడ్డు మీదున్న వాడితో అరిచి మాట్లాడుతున్నాను. బస గదుల వరస అలాగే నిండి ఉంది.

ఇవాళ ఆ వల అల్లే ఆవిడ వచ్చింది. పేరు ఎస్తేరమ్మ. ఆవిడ తమ్ముడికి గుండె జబ్బు. నాన్న పోయినప్పటి నుంచీ ఇద్దరూ కలిసే ఉన్నారు, ఇప్పుడు ఆవిడ రాకూడదన్నారు.

"ఫరీదా గారు ఒప్పుకున్నారక్కా, కూత ఆగేదాకా ఒక్కసారి వాడి దగ్గర కూర్చుని చూడమన్నారు. కూడా ఎవరైనా ఉండాలంట. ఒక్కదాన్నీ వెళ్ళలేకపోతున్నాను."

"పడవెక్కాలే, అంత దూరం నువ్వెళ్ళకూడదు" అన్నారు మా ఆయన.

"మీరూ రండి అయితే."

గొణుక్కుంటూ గొడుగు తీశారు.

తలుపు తీసిన మనిషి బక్కచిక్కి, గడ్డం మాసి ఉన్నాడు. అక్కని చూడగానే గుప్పిళ్ళు బిగించి అరవడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ ఏమైపోయావన్నాడు, పోనీ చచ్చానో బతికానో చూడడానికైనా రావా అన్నాడు. అతని భుజం దగ్గర కూత మొదలైంది. ఎస్తేరమ్మ భయంతో వెనక్కి ఒక అడుగు వేసి, మా వైపు చూసింది.

"కూర్చో అమ్మా" అన్నారు మా ఆయన.

ఆవిడ తమ్ముడి కాళ్ళ దగ్గర గుమ్మంలోనే చతికిలబడింది. మేమిద్దరం మెట్ల మీద గొడుగు కింద కూర్చున్నాం. అతను ఇంకా తిడుతూనే ఉన్నాడు. తిడుతూనే, అక్క పక్కన తనూ కూర్చున్నాడు.